ఆ గొంతు ఎవరిది?

2012 జూన్‌లో, నిర్ణయశక్తి లేనివారి విషయాలు తేల్చే ఇంగ్లండ్‌లోని కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ తీర్పులో ఆమె పేరు 'ఇ' మాత్రమే. వయసు 32, ఒకప్పటి వైద్య విద్యార్థిని. తిండికి దూరం చేసే మానసిక జబ్బు అనొరెక్సియాతో చిక్కి శల్యమై, ఇక తిననంది. తల్లిదండ్రులు కూడా ఆమెను ప్రశాంతంగా పోనివ్వమన్నారు. జస్టిస్ పీటర్ జాక్సన్ మాత్రం, తిండి గురించి నిర్ణయించుకునే శక్తిని జబ్బే హరించిందని, బలవంతంగానైనా ఆహారం ఎక్కించవచ్చన్నారు. అదే ఏడాది అదే కోర్టు, 29 ఏళ్ల మరొకామెకు బలవంతమే ప్రాణం తీస్తుందని వద్దంది. నాకు రెండూ సరైన తీర్పులే అనిపిస్తాయి.

బలవంతమంటే ముక్కులోంచి కడుపులోకి దిగే గొట్టం, దాన్ని పీకేయకుండా చేతులు పట్టుకునే నర్సులు. అది చిన్న విషయం కాదు. కానీ పెరుగన్నం మెతుకులు ఒక్కొక్కటే కంచం అంచుకు నెడుతూ "తిన్నానుగా అమ్మా" అనే పిల్లను చూడండి. ఆ గొంతు పిల్లదా, జబ్బుదా?

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఎదుటివాళ్లకు తప్పుగా తోచినంత మాత్రాన రోగికి నిర్ణయశక్తి లేదనకూడదంటుంది. మంచి మాట. అయితే అనొరెక్సియా రోగుల్లో చాలామంది తమ జబ్బు గురించి డాక్టరంత చక్కగా చెప్పగలరు. అది తమ ఒంటికి వర్తిస్తుందని మాత్రం నమ్మలేరు. ఈ చట్టం కింద సమ్మతి లేకుండా ఆసుపత్రిలో చేర్చుకుంటే మొదటి గడువు 30 రోజులు. ఆ రోజుల్లో రోగిని ఏం అడగాలో, ఎలా వినాలో ఈ సంచికలో రాశాం.