సరదాకి గురి నేర్చుకుంటే తప్పా?

మొన్న శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళాం. బుడగలు కాల్చే కొట్టు దగ్గర కుర్రాడు తుపాకీ ముందు మా ఆయనకిచ్చాడు, తర్వాత మా అబ్బాయికి. నా చేతుల్లో సంచీలు. "నాకూ పది గుండ్లివ్వు బాబూ" అంటే "మీకెందుకమ్మా!" అని నవ్వాడు. పది కాలిస్తే రెండు బుడగలు పగిలాయి. ఆ రెండు చప్పుళ్ళూ తిరిగి కొండవీడు వచ్చేదాకా నా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి.

షూటింగ్ నేర్చుకుంటానంటే అందరిదీ ఒకటే ప్రశ్న: "దేనికి?" ఆత్మరక్షణకంటే తలూపుతారు. కూతుర్ని ఒలింపిక్స్‌కి పంపుతానంటే మెచ్చుకుంటారు. "నాకిష్టం" అంటే మాత్రం మొహాలు మాడ్చుకుంటారు. మగవాళ్ళు ఆదివారం పేకాడితే ఎవరైనా కారణం అడిగారా?

"పల్నాడులో ఉన్న కక్షలు చాలవా?" అంటారు ఇంకొందరు. కక్షలకి వాడే తుపాకీ వేరు, ఆటకి వాడే ఎయిర్ రైఫిల్ వేరు. 4.5 మిల్లీమీటర్ల చిన్న గుండు, 10 మీటర్ల దూరంలో కాగితం. దాని నడిమి చుక్క అర మిల్లీమీటరే! కోపంతో ఊగే చేతికి అది చిక్కదు.

"ముగ్గులేసే చేతికి గురి అదే వస్తుంది" అనే పొగడ్త కూడా నాకొద్దు. ఏదీ దానంతటదే రాదు. నిలబడే తీరు, ఊపిరి కొంత వదిలి ఆపడం, ట్రిగ్గర్‌ని గుంజకుండా మెల్లగా నొక్కడం, గుండు వెళ్ళాక కూడా క్షణంసేపు కదలకపోవడం, ఇవన్నీ కోచ్ దగ్గర నేర్చుకుని రోజూ సాధన చేయాల్సినవి. తుపాకీ మొన ఎప్పుడూ గురి వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ఇది మొదటి పాఠం.

వయసు దాటిపోయిందంటారా? ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ పల్లెలో చంద్రో తోమర్ తుపాకీ పట్టేనాటికి ఆవిడకి 60 దాటాయి. మనవరాలికి తోడుగా రేంజికి వెళ్ళి, తనూ కాల్చి చూశారు. చేతికి నిలకడ రావాలని ఇంట్లో నీళ్ళ జగ్గు పట్టుకుని సాధన చేశారు. అంతర్జాతీయ పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 2018కి ముందు మగవాళ్ళకి 60 గుండ్లయితే మనకి 40. ఇప్పుడు ఇద్దరికీ 60.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. మన ఇళ్ళలో అందరం సంబరపడ్డాం. అయితే ఆ ఆట పిల్లలకేనా? పతకం రాకపోతే అమ్మ ఆడకూడదా?

రేంజి దూరం, ఖర్చు ఎక్కువ, నిజమే. కానీ మనకి అసలు దొరకనిది వారానికి రెండు గంటలు. ఆ పూట అన్నం ఎవరు వండుతారన్నదే అసలు ప్రశ్న. "దేనికి?" అన్నది దాన్ని దాచే ముసుగు. అందుకే నేను సాకులు చెప్పడం మానేశాను. ఆదివారం పొద్దున్న రెండు గంటలు నావి, అంతే.

వచ్చే శివరాత్రికి సంచీలు మా ఆయన పట్టుకుంటారు. పదిలో ఎన్ని పగిలాయో అప్పుడడగండి.