వేగమా? విలువా?

కార్ల తీర్పులో వేగమొక్కటే కొలబద్ద కారాదని మా అభిప్రాయము. 1983లో మెర్సిడెస్ 190 ఇ 2.3-16 కార్లు ఇటలీలోని నార్డో పథముపై 50,000 కిలోమీటర్లు గంటకు సగటున 247 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తి ఓర్పును నిరూపించుకొన్నవి. వాటికి పోటీగా 1986లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఎం3ను విక్రయమునకు తెచ్చినది. మొదటిదానికి 185, రెండవదానికి సుమారు 200 అశ్వబలము. 1987 ప్రపంచ టూరింగ్ కార్ల పోటీలలో రాబర్టో రవాలియాను విజేతగా నిలిపినది ఎం3యే; నేటికీ కీర్తి దానిదే. అయితే ఎం3కి తలుపులు రెండే, మెర్సిడెస్‌కు నాలుగు. కుటుంబముతో పయనించువానికి వెచ్చించిన ధనమునకు తగిన విలువ ఇందులోనే గలదని మేము తలంతుము. విద్యార్థులారా! జయధ్వానము విని ఓర్పును మరువకుడు.