వలువలూడ్చు అధికార మెవరిది?

కాటూరు, ఎలమర్రు. కృష్ణామండలములో ఈ రెండు పేర్లు వినినంతనే తల వంచుకొను వృద్ధులు నేటికిని ఉందురు. గుడివాడ, ఉయ్యూరు ప్రాంతమందలి ఆ గ్రామములపై 1949లో, కమ్యూనిస్టులను వెదకు నెపమున మలబారు పోలీసులు విరుచుకొనిపడిరి. గ్రామస్థులను వివస్త్రులను గావించి గాంధీమహాత్ముని విగ్రహము చుట్టును త్రిప్పిరి. అప్పటికి స్వరాజ్యము వచ్చి రెండేండ్లు. ఆ యేట కాంగ్రెసు అధ్యక్షులు మన బందరు పట్టాభి సీతారామయ్యగారు. ఢిల్లీలో రాజ్యాంగసభ ప్రాథమిక హక్కులను లిఖించుచున్నది. ఇచట ఆ హక్కులు పొందవలసినవారి మొలగుడ్డలు ఊడదీయబడినవి.

ఆ గ్రామస్థులు ఏ పక్షమువారను విచారణ మాకు అనవసరము. పోలీసులకు ఆ అధికార మెచటిదన్నదే మా ప్రశ్న.

విదేశీయులు చేసిన 1898 నాటి నేరవిచారణస్మృతి సైతము దాని నీయలేదు. అరెస్టయినవానిని సోదాచేసి, అవసరమైన ధరించు వస్త్రములు తప్ప తక్కిన వస్తువులను భద్రపరుపుమని మాత్రమే అది చెప్పినది. స్త్రీని స్త్రీయే, మర్యాద నతిక్రమింపక సోదాచేయవలెనని వేరుగా శాసించినది. ఈ మాటలే 1973 చట్టములోనికి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 49వ సెక్షనులోనికి నడచివచ్చినవి. ఒంటిమీది బట్ట ఒంటిమీదనే ఉండవలెనని శాసనము. బట్ట నూడ్చుట ఠాణా ఆచారము. 2022 ఏప్రిలులో మధ్యప్రదేశమందలి సీధీ ఠాణాలో ఒక విలేకరిని, నాటక కళాకారులను లోదుస్తులతో నిలువబెట్టిన ఛాయాచిత్రమును దేశమంతయు చూచినది. బట్టలతో ఉరివేసికొందురేమోయని అట్లు చేసితిమని పోలీసులు సమాధానము చెప్పిరి!

ఈ ఆచారమును ప్రశ్నించుటకు రాజ్యాంగము చాలదా? చాలును. విశాఖపట్టణపు సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు వేసిన దావాలో 1974లో సుప్రీంకోర్టు, శిక్షపడినంత మాత్రమున మనుష్యుని ప్రాథమిక హక్కులన్నియు ఊడిపోవని పలికినది. వారు కోరినది వారికి దక్కలేదు; సూత్రము మాత్రము నిలిచినది. ఆ తీర్పులో వాడిన ఆంగ్లపదమునకు వలువలూడ్చుట యనియే అర్థము. 1980లో ప్రేమశంకర శుక్లా వ్యాజ్యమున బేడీలు నిత్యకృత్యము కారాదనియు, తప్పనిసరియైనచో కారణములు వ్రాయవలెననియు అదే న్యాయస్థానము శాసించినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిరి. చేతికి బేడీ వేయుటకే కారణము వ్రాయవలసియుండగా, కట్టుబట్ట నూడ్చుటకు వ్రాయనక్కరలేదా?

అన్యదేశములును ఈ చిక్కును చూచినవి. కెనడా సుప్రీంకోర్టు 2001లో గోల్డెన్ వ్యాజ్యమున, నగ్నసోదా స్వభావముచేతనే అవమానకరమని, అరెస్టుతోపాటు దానికి ప్రత్యేక కారణము వేరుగా ఉండితీరవలెనని నిర్ణయించినది. అమెరికా సుప్రీంకోర్టు 2012లో ఫ్లారెన్సు వ్యాజ్యమున, అయిదుగురు ఒకవంక, నలుగురు ఒకవంకగా చీలి, ఇతర ఖైదీలతో కలిపి జైలులో ఉంచబడువారిని అట్టి కారణము లేకయే సోదాచేయవచ్చుననినది. మనకు మొదటిదియే మార్గము.

దాచిన కత్తి, గంజాయి, విషము ఉండవా యని పోలీసులందురు. ఉండవచ్చును, సోదా వలదని మేమనుట లేదు. అనుమానమునకు కారణ మేమో వ్రాయుడు. పై అధికారి యాజ్ఞ పొందుడు. మూసిన గదిలో, పురుషుని పురుషుడు, స్త్రీని స్త్రీ చూడుడు. వెంటనే బట్ట కట్టనిండు. శాసనము మర్యాద యను మాటను స్త్రీల విషయముననే వాడినది. పురుషునకు మానము లేదా? 49వ సెక్షనులో ఈ నాలుగు నియమములను చేర్చుటకు పార్లమెంటు పూనుకొనవలెను. అంతవరకు న్యాయవాదులు 226వ అధికరణము క్రింద హైకోర్టు తలుపు తట్టవలెను.

ఇది దొంగల గొడవ, మనకేల యని బందరు గృహస్థుడు, దివిసీమ భూస్వామి అనుకొనరాదు. గట్టు తగవులోనో, సంక్రాంతి కోడిపందెములోనో రేపు మన యింటి పిల్లవాడే ఠాణా మెట్లెక్కవచ్చును. నేరము ఋజువు కాకమునుపే వానికి పడు శిక్ష ఇది. నిర్దోషియని తేలినను తిరిగి తీసికొనరాని శిక్ష. కాటూరు, ఎలమర్రు ప్రజలు ఆనాడు ఏ ప్రాథమిక హక్కును చూపి అడుగగలిగిరి? రాజ్యాంగ మింకను అమలులోనికి రాలేదు. నేడు మనకున్నది. ఉండియు అడుగనిచో ఆ తప్పు మనది.