మొగులు పట్టంగనే ఫోన్ పట్టుకునే మన పిల్లల కోసం

ఉప్పల్, నాచారం కాలనీల తల్లిదండ్రులకు, టీచర్లకు విజ్ఞప్తి



2020 అక్టోబర్ 13 రాత్రిని మనం మరువలేదు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన. చెరువులు నిండి, నాలాలు పొంగి, రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్, నాచారం పల్లపు గల్లీల్లో ఇళ్లు మునిగాయి. బియ్యం, బీరువాలు, సర్టిఫికెట్లు పోయాయి. వాటన్నిటికీ లెక్క రాసుకున్నాం. పిల్లల మనసుకు తగిలిన దెబ్బ ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

అప్పటికే కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి క్లాసులు టీవీలో, ఫోన్‌లో. మనం బురద ఎత్తిపోసుకుంటూ, పరుపులు ఎండేసుకుంటూ, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి మేడ మీద కూర్చోబెట్టాం. ఆ రోజు వేరే దారి లేదు. కానీ ఆ ఫోన్ మళ్లీ మన చేతికి రాలేదు.

మా గల్లీలో ఒక అబ్బాయి ఉన్నాడు. అప్పుడు ఐదో తరగతి, ఇప్పుడు మీసాలు వస్తున్నాయి. మొగులు పట్టిందంటే వాళ్లమ్మ బియ్యం మూట అటక ఎక్కిస్తుంది. వాడు ఉరికిపోయి ఫోన్ చార్జింగ్‌కు పెడతాడు, కరెంటు పోతుందని. ఇక తెల్లార్లూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, దుప్పట్లో గేమ్. ఫోన్ పిచ్చి అంటారు అందరూ. నిజానికి వాన చప్పుడు వినడానికే భయపడుతున్నాడు వాడు. తిడితే ఆ భయం పోతుందా?

గేమింగ్ వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆపుదామన్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా చదువూ వెనకబడటం, నష్టం తెలిసినా వదలకపోవడం దాని గుర్తులు. అవి కనిపిస్తే ఫోన్ గుంజుకుని పగలగొట్టకండి. టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాత్రి గురించి మాట్లాడండి. మళ్లీ నీళ్లొస్తే ఇంట్లో ఏం కాపాడాలో వాళ్లకూ ఒక పని అప్పజెప్పండి. రాత్రి పదికి ఫోన్లన్నీ, మనవి కూడా, వంటింటి గూట్లో పెడదాం. సాయంత్రాలు బడి గ్రౌండ్ గేట్లు తెరవాలని హెడ్మాస్టర్లను అందరం కలిసి అడుగుదాం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మీ కాలనీ కమ్యూనిటీ హాలుకు రండి. పిల్లలను వెంట తీసుకురండి, ముందు వాళ్లనే మాట్లాడనిద్దాం.

– ఉప్పల్, నాచారం ముంపు కాలనీల తల్లిదండ్రులు