మందిరం ముందు పోసిన కాంక్రీటు

ఈ వారం సిమెంటు సంగతి రాస్తున్నాను. అయ్యగారికి వాక్యం దొరకలేదా అని నవ్వకండి, చివరిదాకా చదవండి.

2020 ఫిబ్రవరిలో మన మందిరం ముందు మోరి మీద కాంక్రీటు పోయించింది నేనే. అంతకు ముందు అక్కడ నాలుగు శాబాదు బండలు ఉండేవి. ఒకటి పగిలింది, ఇంకొకటి కదిలేది, పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయని భయం. అప్పుడే మన వాడలో సీసీ రోడ్డు పని నడుస్తోంది. సాయంత్రం మిల్లరు దగ్గర మాలు మిగిలింది. "అయ్యగారు, మందిరం ముందట పొయ్యమంటరా?" అని సుతారి అడిగాడు. ఊరికే వచ్చేది ఎవరు వద్దంటారు? పోయమన్నాను. వారం రోజులు గోనె సంచులు తడిపి కప్పి, పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టాం. నెల తిరగక ముందే లాక్‌డౌన్ వచ్చి మందిరం మూతపడింది. ఆ కొత్త కాంక్రీటు మీద మొదట తిరిగింది కోళ్లు, కుక్కలే.

ఆ ఏడాది అక్టోబరు 13 రాత్రి వాన మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లారి మందిరం పక్కింటి అవ్వ నా దగ్గరికి వచ్చింది. ఆమె మన సంఘం మనిషి కాదు. ఆమె ఇల్లు పాతది, గడప రోడ్డు కన్నా జానెడు కిందికి ఉంటుంది. "అయ్యగారు, దేవుని ఇంటి ముందట మంచిగ చేసుకున్నరు. నీళ్లన్నీ నా ఇంట్లకు తోలిన్రు" అంది. కోపంగా కూడా అనలేదు. లోపలికి వెళ్లి చూస్తే బియ్యం సంచి తడిసి ఉంది, పొయ్యిలో నీళ్లు.

కారణం పెద్ద శాస్త్రమేమీ కాదు. బండలు ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు గడ్డపారతో లేపి, మోరిలో మట్టి తీసి, మళ్లీ పెట్టేవారు. కాంక్రీటును లేపలేం. ఆకులు, ఇసుక, పాల ప్యాకెట్ల కవర్లు దాని కిందికి పోయి కూర్చున్నాయి. ఎనిమిది నెలల్లో మోరి బిగుసుకుపోయింది. నీళ్లు పల్లం వెతుక్కున్నాయి, పల్లంలో అవ్వ ఉంది.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏ గల్లీకి పోయినా ఇదే కథ. ఉపాధి హామీ మెటీరియల్ నిధులతోనో, ఇంకో పథకంతోనో సీసీ రోడ్డు వస్తుంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే పోస్తారు కాబట్టి రోడ్డు ఎత్తు పెరుగుతుంది. కొత్తగా ఇల్లు కట్టేవాడు భయపడి బేస్‌మెంటు ఇంకా పైకి లేపుతాడు. బండి ఎక్కించడానికి ర్యాంపు రోడ్డు మీదికి తెస్తాడు. ఎదుటివాడు ఊరుకుంటాడా? వాడూ తెస్తాడు. రోడ్డు గ్రామ పంచాయతీది, ర్యాంపు మనది, నీళ్లు మాత్రం పక్కింటివి. పాత ఇంట్లో ఉన్న పేదవాళ్లే ఎప్పుడూ పల్లంలో మిగులుతారు.

ర్యాంపే తప్పు అని నేను అనను. మర్రిగూడ, మునుగోడు వైపు ఎంతమంది పెద్దవాళ్లు ఫ్లోరైడుతో నడుములు వంగి, మోకాళ్లు బిగుసుకుపోయి ఉన్నారో మీకు తెలుసు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగారు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చినా, వంగిన ఎముక నిటారు కాదు. అలాంటివారికి మన గడపల ముందు అడుగు ఎత్తు మెట్టు ఒక గోడే. కానీ మనం పోసే ర్యాంపులు వాళ్ల కోసం కాదు, మోటారు సైకిళ్ల కోసం. చక్రాల కుర్చీ ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. మనం మూడు అడుగుల్లో ముగిస్తాం. దాని మీద బండి ఎక్కుతుంది, కర్ర పట్టుకున్న తాత జారుతాడు. నా మట్టుకు, చోటు లేని గల్లీలో ర్యాంపు కన్నా ఐదేసి అంగుళాల ఎత్తున్న వెడల్పాటి మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప పైపు మేలు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ ఆజ్ఞ. ఎవరైనా పడితే ఆ రక్తం ఆ ఇంటి మీద ఉంటుందని. ఆ వచనాన్ని నేను ఎన్నో గృహప్రవేశాల్లో చదివాను. ఇల్లు నాదే అయినా, దానివల్ల పక్కవాడికి కలిగే నష్టం కూడా నాదే అని చెప్పాను. చెప్పి వచ్చి, మందిరం ముందు మోరి పూడ్చాను.

ఆ వారమే మన యువకులు నలుగురు, నేను, సమ్మెటలు పట్టుకుని దాన్ని పగలగొట్టాం. ఎనిమిది నెలలు ముదిరిన కాంక్రీటు కదా, రెండు రోజులు పట్టింది, నా అరచేతులు పొక్కాయి. మోరి తీసి, మళ్లీ శాబాదు బండలే పరిచాం. ఈసారి ఒక్కో బండకు ఇనుప కొండీ పెట్టించాం, లేపడానికి. అవ్వకు బియ్యం ఇచ్చాం. తీసుకుంది, కానీ మందిరానికి రాలేదు. రావాలని నేను అడగలేదు కూడా.

ఇప్పుడు చెరువు వైపు గల్లీకి సీసీ రోడ్డు పని వస్తోంది. అక్కడ మన సంఘస్థుల ఇళ్లు ఏడు ఉన్నాయి. మిల్లరు వచ్చాక మాట్లాడుకుంటే ఆలస్యం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్లంతా ఆగండి. సుతారి లెవెల్ పైపు తెస్తానన్నాడు. అన్నిటికన్నా పల్లంలో ఉన్న గడప దగ్గర నుంచి కొలత మొదలుపెడదాం. అది మనవాళ్ల ఇల్లు కాదు, అయినా అక్కడ నుంచే.