మీభూమికి వాడుక పత్రం
వెబ్ అప్లికేషన్ వాడుక పత్రానికి ప్రాణం, వాడేవారు చేయాల్సిన పని. బటన్ల జాబితాతో ఎవరికీ పని జరగదు. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూ రికార్డుల పోర్టల్ మీభూమిలో రామసముద్రం రైతు వెతికేది అడంగల్, 1-బి అనే రికార్డులు. జిల్లా, మండలం, గ్రామం, ఆపై సర్వే నంబరో ఖాతా నంబరో: ఈ వరుస తెరమీది మాటల్లోనే రాయాలి. అడంగల్‌ను ‘పంట రికార్డు’గా మారిస్తే, బాగా తెలిసిన మాట కూడా అక్కడ పరాయిదవుతుంది. నంబరు తప్పయితే ఏం చేయాలో చెప్పని పత్రం సగం పత్రమే.

అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న రామసముద్రం మండలం 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లాలో చేరింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. ‘చిత్తూరు ఎంచుకోండి’ అని ఒకే మాటతో ఈ మూడు చోట్ల రైతులకూ దారి చూపిన పత్రాన్ని తెరతో మళ్లీ సరిచూడాల్సింది ఇలాంటి రోజునే. సవరించిన తేదీ పుటమీదే ఉండాలి.