చుక్కాని యెవ్వరిది?

తెలుగులో జేరిన పరదేశపు మాటలను ఏరి పారవేయవలెనని కొందరు వాదించుచున్నారు. భాషోద్యమమునకు చుక్కాని పట్టువారు కావలెననియు వారే పలుకుదురు. ఆ చుక్కాని యెక్కడిదో వారు విచారించినట్లు లేదు.

చుక్కాని యనగా పడవ వెనుకభాగమున నీటిలోనికి దిగియుండు పలక. నడచుచున్న పడవలో దాని పిడిని ఎడమకు లాగినచో పడవ ముందుభాగము కుడికి తిరుగును. తెడ్డు పడవను నడుపును. చుక్కాని దారికి దెచ్చును. ఈ మాట అరబ్బీలోని "సుక్కాన్" నుండి వచ్చినది. దీనిని వెడలగొట్టి సంస్కృతమునుండి "కర్ణము"ను దెత్తురా? కర్ణమనిన మన బిడ్డలు చెవిని తడవుకొందురు, పడవవాడు నవ్వును.

లంగరు పారసీక పదము. హైదరాబాదు పాతబస్తీలో దీనికొక కథ కలదు. అబ్దుల్లా కుతుబ్ షా చిన్ననాడు మదపుటేనుగు అతనిని అడవికి గొనిపోగా, కుమారుడు క్షేమముగా వచ్చినచో హుస్సేనీ ఆలమునకు బంగారు లంగరు సమర్పింతునని తల్లి హయాత్ బక్షీ బేగము మ్రొక్కుకొనెనట. ఇచ్చట లంగరనగా ఏనుగు గొలుసు. ఓడకు లంగరు ఇనుపకొంకి. ఆకలిగొన్నవానికి లంగరు ఉచితాన్నశాల. ఒకటి ఏనుగును, ఒకటి ఓడను, ఒకటి ప్రాణమును నిలుపును. ఇంత యర్థము గల మాటను పరాయిదనువారు టెలివిజనులో మాటలాడు వ్యక్తిని "యాంకరు" అనుటకు మాత్రము సంకోచింపరు! ఆంగ్లమున యాంకరనినను లంగరే కదా!

పూర్వము గాలివానకు చిక్కి ఒడ్డున బడిన ఓడల సరకును రాజులు లాగుకొనుచుండిరి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున అభయశాసనము చెక్కించి, సుంకము మాత్రమే గైకొని సరకును వర్తకులకే విడిచెను. పరదేశపు సరకునకు మన పూర్వులు అభయమిచ్చిరి. ఆ సముద్రము మీదనే వచ్చి, మన పల్లెకారుల నోట తెలుగైన మాటలకు మనము అభయమియ్యరాదా?

ఇది నిఘంటువుతో తీరు తగవు కాదు. నేడు మాటను పరాయిదనువాడు, రేపు ఆ మాట పలుకు పొరుగువానిని పరాయివాడనును. పాతబస్తీలో ఒకే గోడకు ఇరువైపుల తెలుగును ఉర్దూయు వినబడు ఇండ్లున్నవి. ఆ గోడను మన పిల్లల మనస్సులలో ఎత్తు చేయవలదు. చుక్కాని యనగా నేమని వారడిగినప్పుడు, అది చేయు పనిని చెప్పుడు. వచ్చిన త్రోవను చెప్పుడు. అది మనదేయనియు చెప్పుడు.